గుత్తికి రెండోసారి

నా ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో రాసిన ఆర్డర్లు వందల్లో ఉంటాయి. అప్పీల్లో కొన్ని నిలబడ్డాయి, కొన్ని పడిపోయాయి. ఒక్కదాన్ని మాత్రం నేనే పోయి, పై అధికారి ఎదురుగా నిలబడి, ఇది తప్పండీ అని చెప్పి కొట్టేయించుకున్నాను. పన్నుల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా ఇంటికొచ్చి మీరు పట్టుకున్న పెద్ద కేసు చెప్పండి మేడమ్ అంటే నేను ఆ చిన్న కేసు గురించే చెబుతాను. వాళ్ల మొహాల్లో కాస్త నిరాశ కనిపిస్తుంది. కాఫీ తాగుతున్నారు కాబట్టి మధ్యలో లేచిపోలేరు.

అది వ్యాట్ వచ్చిన కొత్త. వ్యాపారి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, ఆ సరుకు అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చని చట్టం చెప్పింది. కాగితాల మీద దాని పేరు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, మా ఆఫీసులో అందరి నోటా ఉత్త 'ఇన్‌పుట్'. అది తీసుకోవడానికి చేతిలో సరైన బిల్లు ఉండాలి. అందుకని బిల్లులు మాత్రమే అమ్ముకుని బతికేవాళ్లు తయారయ్యారు. వాళ్ల దగ్గర సరుకు ఉండదు, గోడౌను ఉండదు, బిల్లు పుస్తకం ఉంటుంది. అలాంటి బిల్లులతో ఇన్‌పుట్ తీసుకున్నవాళ్లను పట్టుకుని పన్ను, దాని మీద జరిమానా వసూలు చేయడం ఆడిట్ అధికారిగా నా పని. నాకు ఆ పని వచ్చనే గర్వం ఉండేది. అనంతపురం ఆఫీసులో ఆడదానికి ఆడిట్ ఇచ్చారని మొదట్లో గొణిగినవాళ్లు కూడా ఏడాది తిరిగేసరికి నన్ను చూసి జాగ్రత్తగా మాట్లాడేవాళ్లు. ఆ జాగ్రత్త నాకు నచ్చేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒక ఎండాకాలం పై ఆఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది. రిజిస్ట్రేషన్లు రద్దయిన వ్యాపారుల పేర్లు, వాళ్ల దగ్గర సరుకు కొన్నట్టు చూపించినవాళ్ల పేర్లు. అందులో గుత్తిలోని ఒక పైపుల హోల్‌సేల్ వ్యాపారి పేరు ఉంది. అతని దగ్గర ఎనిమిది బిల్లుల మీద పైపులు కొన్నట్టు చూపించి ఇన్‌పుట్ తీసుకున్న మనిషి కొత్తచెరువులో బోరు మోటార్లు, పైపులు అమ్మే ఒక చిన్న షాపు యజమాని.

బిల్లు మీద ఉన్న అడ్రసు చూసి రావడానికి గుత్తికి బయలుదేరాను. నాతో మా సెక్షన్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు, తక్కువ మాట్లాడే మనిషి. ఆఫీసు జీపు మధ్యాహ్నానికల్లా వెనక్కి ఇవ్వాలి, వేరేవాళ్లకు పని ఉంది. కోట కింద బస్టాండు దాటాక జీపు దిగి, ఎండలో ఇంటి నంబర్లు చూసుకుంటూ నడిచాం. బిల్లు మీదున్న నంబరు దొరికింది. అది ఒక పంచర్ షాపు.

"పైపుల షాపా? ఈడ యాడుండాది మేడమ్, నేనొచ్చి ఆరునెల్లాయ, నాకు తెలిసి లేదు," అన్నాడు పంచర్ వేసే అతను. పక్కన టీ కొట్టువాణ్ణి అడిగాను. తనకూ తెలియదన్నాడు.

ఇన్‌స్పెక్టరు నంబరు వైపు మళ్లీ చూసి, "మేడమ్, పెయింటు కొత్తగా ఉంది. ఇంకో రెండు వీధులు అడిగి చూద్దామా?" అన్నాడు.

నేను వాచీ చూసుకున్నాను. "నంబరు కళ్ల ముందే ఉంది కదప్పా. ఇంకేం చూస్తాం?"

వాళ్లిద్దరినీ సాక్షులుగా పెట్టి, ఈ చిరునామాలో అలాంటి వ్యాపారమేదీ లేదని పంచనామా రాశాం. గుత్తిలో నేను గడిపింది ఇరవై నిమిషాలు.

షాపు యజమానికి నోటీసు పంపితే మర్నాడే ఆఫీసుకొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చేతులు మొరటుగా, గోళ్ల చుట్టూ గ్రీజు మరకలు. బోరుబండి మీద కూలీగా మొదలై, కూడబెట్టుకుని షాపు పెట్టుకున్న మనిషని తర్వాత తెలిసింది. నా టేబుల్ ముందు నిలబడే మాట్లాడాడు.

"మేడమ్, నేనే లారీ మాట్లాడుకోని గుత్తికి పోయినా. నేనే నిలబడి ఎక్కించుకోనొచ్చినా. ఆయప్పకు దుడ్లిచ్చినా, బిల్లు తీసుకున్యా. ఇంగేం జేయాల్నో చెప్పు."

"ఆ అడ్రసులో షాపే లేదు. నేను స్వయంగా పోయి చూశాను."

"లేకపోయేదేంది? గోడౌను ఉండాది, ముందర వేపచెట్టు ఉండాది. నేను ఆన్నే టిఫిన్ కూడా తినింటి."

"రాతపూర్వకంగా ఇవ్వండి. ఆధారాలు జతచేయండి."

అతని దగ్గర ఉన్న ఆధారం లారీ డ్రైవరు పెన్సిలుతో రాసిచ్చిన చీటీ ఒకటే. నేను దాన్ని పక్కన పెట్టాను. ఫైల్లో ఇంకో మూడు బిల్లులు కూడా ఉన్నాయి, బళ్లారిలో కొన్న మోటార్లవి. పక్క రాష్ట్రంలో కట్టిన పన్నుకు ఇక్కడ ఇన్‌పుట్ రాదు. అతను తెలియక వేసుకున్నాడు, ఆ రోజుల్లో చాలామంది అలాగే వేసుకున్నారు. నాకు మాత్రం ఆ మూడూ చూడగానే మిగతా ఎనిమిదీ ఖాయంగా దొంగవే అనిపించింది. పదకొండు బిల్లులనూ ఒకే గాటన కట్టి, మోసపు ఉద్దేశంతో తీసుకున్న ఇన్‌పుట్ అని ఆర్డరు రాశాను. జరిమానా వేశాను. కట్టలేదని బ్యాంకుకు ఉత్తరం రాసి ఖాతా నిలిపేయించాను. ఆ నెల మీటింగులో మా పై అధికారి నా ఆర్డరును పదిమందికీ చదివి వినిపించి, ఇలా రాయాలి అన్నాడు. ఆ రోజు ఇంటికి మైసూరుపాకు కొనుక్కుని పోయాను.

షాపు యజమాని మళ్లీ వచ్చాడు. వరసగా నాలుగు రోజులు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగో రోజు నేను కారణం అడిగితే లేచి నిలబడ్డాడు.

"మోటార్ల కంపెనీకిచ్చిన చెక్కు ఎనిక్కొచ్చింది మేడమ్. సరుకు పంపేది లేదంటాండారు. రైతులు అడ్వాన్సులిచ్చినారు నాకు. బోర్లు ఏసుకోని మోటార్లకు కాసుకోనుండారు. వాళ్లకేం చెప్పాల?"

"అప్పీలు చేసుకునే హక్కు మీకుంది," అన్నాను. అది చట్టంలో ఉన్న మాటే. చెప్పిన తీరు ఇప్పటికీ నాకు గుర్తుంది. ఫైలు మీంచి తల ఎత్తకుండా చెప్పాను.

అతను అప్పుచేసి, అప్పీలుకు ముందు కట్టి తీరాల్సిన పన్ను భాగం కట్టి, అప్పీలుకు పోయాడు. అతని తరఫున అనంతపురంలో అందరూ ఆడిటరుగారు అని పిలిచే ఒక పెద్దాయన కేసు తీసుకున్నాడు. డెబ్బై దగ్గర వయసు, తెల్ల ఖద్దరు చొక్కా, పాత స్కూటరు. పన్ను కేసుల్లో మా శాఖవాళ్లను నిలబెట్టి ప్రశ్నలతో చెమటలు పట్టిస్తాడని పేరు. ఆయన ఎదురుపక్షం అని తెలిశాక ఫైలు రెండుసార్లు చదువుకున్నాను. లోపమేదీ కనిపించలేదు.

హియరింగుకు ముందురోజు పొద్దున పది గంటలకు ఆ పెద్దాయన మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నాను. కూర్చుని, సంచీలోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. గుత్తి పంచాయతీలో ఇంటిపన్ను కట్టిన రశీదులు. రెండూ ఆ పైపుల వ్యాపారి పేరు మీద, ఒకే గోడౌనువి. పాత రశీదు మీద బిల్లుల మీదున్న నంబరే ఉంది. కొత్త రశీదు మీద వేరే నంబరు ఉంది.

"మధ్యలో ఇంటి నంబర్లు మార్చినారమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఆయన బిల్లు పుస్తకాలు పాత నంబరుతో అచ్చేయించుకున్నవి. ఇప్పుడా నంబరు వేరే ఇంటికి పడింది, మీరు పోయింది ఆ ఇంటికి."

నేను రెండు రశీదులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన ఇంకో మాట అన్నాడు. "రిజిస్ట్రేషను రద్దయిన తేదీ కూడా ఒకసారి చూడండి."

చూశాను. ఎనిమిది బిల్లుల తేదీలూ రద్దుకు ముందువే. కంప్యూటర్లో రద్దు అన్న మాట చూశాను గానీ, దాని పక్కన ఉన్న తేదీని బిల్లుల తేదీలతో పోల్చి చూడలేదు.

"ఇవి రేపు అక్కడ బయటపెడితే కేసు మీదే కదండీ. ఇక్కడికెందుకు తెచ్చారు?" అని అడిగాను.

"నా క్లయింటును అడిగే తెచ్చినానమ్మా. ముందు మేడమ్‌కు చూపిద్దామా అంటే, చూపించు సామీ, ఆయమ్మ పరువు పోతే నా మోటార్లు వస్తాయా అన్నాడు." ఆయన కాగితాలు సంచీలో పెట్టుకుని లేచాడు. "మీరు వయసులో ఉన్నారు. ఇంకా చాలా ఆర్డర్లు రాయాల్సినవాళ్లు. నా మాట నమ్మొద్దు, పోయి చూసుకోండి."

జీపు అడగలేదు. ఇన్‌స్పెక్టరును పిలిచి సంగతి చెప్పాను. నేనన్నానా మేడమ్ అని అతను అనలేదు. "పన్నెండు గంటల బస్సుంది," అన్నాడంతే. ఇద్దరం బస్సెక్కాం. దారి పొడవునా అతను కిటికీలోంచి ఎండిపోయిన వేరుశనగ చేలు చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనానికి నేను అతనికి ఎంతో రుణపడి ఉన్నాను. తర్వాతి రోజుల్లో కూడా ఎవరు అడిగినా పంచనామా ఇద్దరి నిర్ణయం అనే చెప్పాడు. నేనే ప్రతిచోటా దిద్దాల్సి వచ్చేది.

గోడౌను పంచర్ షాపుకు మూడు వీధుల అవతల ఉంది. ముందు వేపచెట్టు ఉంది. తలుపుకు తాళం. గోడ మీద పైపుల కొలతలు, సైజులు ఇంకా కనిపిస్తున్నాయి. పక్కనే ఇల్లు. తలుపు తట్టితే యాభై ఏళ్లావిడ బయటికొచ్చింది. నేనెవరో చెప్పాను.

"పంచరంగడి కాడికొచ్చి ఎనిక్కి పోయినారంటనే, ఆ ఆఫీసరమ్మ మీరేనా?" అని అడిగింది. ఎగతాళి లేదు, తెలుసుకుందామనే అడిగింది. "లోపలికి రాండి. ఎండ శానా ఉండాది."

ఆ పైపుల వ్యాపారి ఆమె భర్తే. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడట. ఆరు నెలలకు పోయాడు. రిటర్నులు ఎవరు వేయాలో, ఎట్లా వేయాలో ఆమెకు తెలియలేదు. ఆగిపోయాయి. అందుకే మా శాఖ రిజిస్ట్రేషను రద్దు చేసింది. మా రికార్డులో ఆ మనిషి జబ్బు గురించి గానీ చావు గురించి గానీ ఒక్క ముక్క లేదు. రిటర్నులు దాఖలు చేయని వ్యాపారి, అంతే.

"ఆయన కాగితాలేమైనా ఉన్నాయా అమ్మా?"

ఆమె ఇనప్పెట్టె తెరిచింది. నెలవారీగా కట్టలు కట్టి, దారంతో ముడివేసిన చలానాలు, రిటర్నుల కాపీలు. నేను నేల మీద కూర్చుని వెతికాను. కొత్తచెరువు షాపుకు అమ్మిన ఎనిమిది బిల్లులూ ఆయన రిటర్నుల్లో ఉన్నాయి. ఆ అమ్మకాల మీద పన్ను కట్టిన చలానాలు ఉన్నాయి. ప్రభుత్వానికి రావాల్సింది ఎప్పుడో వచ్చేసింది. అదే సొమ్మును నేను రెండోసారి, జరిమానాతో సహా, ఇంకొక మనిషి దగ్గర అడుగుతున్నాను.

"మా ఆయన మింద ఏమన్నా కేసుండాదా తల్లీ?" అని అడిగింది ఆవిడ. "బజార్లో ఏందేందో అంటాండారు. దొంగ బిల్లులు అమ్మినాడని."

ఆ మాట బజార్లోకి నా ఆర్డరు నుంచే పోయింది. అదీ చనిపోయిన మనిషి మీద. "లేదమ్మా," అన్నాను. "ఆయన ప్రతి పైసా కట్టాడు. ఆ మాట రేపు రాతలో పెట్టిస్తాను."

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని, కాగితాల జిరాక్సులు తీయించుకోవడానికి మాతో బజారు దాకా నడిచొచ్చింది. పెట్టె తాళం ఒకసారి కాదు, రెండుసార్లు చూసుకుని బయలుదేరింది.

సాయంత్రం తిరిగొచ్చి మా పై అధికారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"రేపు వాళ్లు రశీదులు పెడతారు, అప్పీలు అధికారి కొట్టేస్తాడు. నువ్వేం మాట్లాడాల్సిన పని లేదు. ఫైలిచ్చి కూర్చో. నీ ఆర్డరు నువ్వే తప్పంటే మెమో తప్పదు. ఆ మీటింగులో పొగిడిన నేనేం కావాల?"

"వాళ్లు పెట్టే రశీదులతో నంబరు సంగతి ఒక్కటే తేలుతుంది సార్. ఆయన పన్ను కట్టాడని నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఆ చలానాలు చూసింది నేను."

"నీ ఇష్టం," అన్నాడు. తిట్టలేదు గానీ టీ తాగమని కూడా అనలేదు. నాకు ఆ రోజు చాలా భయం వేసింది. పదోన్నతి జాబితా ఆ ఏడే తయారవుతోంది, నా పేరు పైనే ఉంది.

మర్నాడు పదకొండు గంటలకు హియరింగు. అప్పీలు అధికారి పొడుగాటి మనిషి, నవ్వడం అరుదు. ఒకవైపు ఆడిటరుగారు, ఆయన వెనక షాపు యజమాని. ఇంకోవైపు నేను, ఇన్‌స్పెక్టరు. వాదన మొదలుపెట్టమంటే ఆడిటరుగారు లేచి, "సార్, నాకంటే ముందు మేడమ్‌గారు చెప్పేదేమన్నా ఉంటే వింటే బాగుంటుంది," అని కూర్చున్నాడు. రశీదులు సంచీలోంచి తీయనేలేదు.

లేచి నిలబడ్డాను. రాసుకొచ్చిన కాగితం టేబుల్ మీద పెట్టి, దాన్ని చూడకుండానే చెప్పాను. నంబరు మారిన సంగతి, ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చిన సంగతి, తేదీ చూడని సంగతి, ఇనప్పెట్టెలో చలానాల సంగతి. ఇన్‌స్పెక్టరు ఇంకా వెతుకుదామన్నాడనీ, నేనే వద్దన్నాననీ కూడా చెప్పాను.

అప్పీలు అధికారి కళ్లద్దాలు తీశాడు. "అయితే మీ ఆర్డరు మీద మీరే అప్పీలు చేస్తున్నారన్నమాట."

"ఎనిమిది బిల్లుల వరకు అంతే సార్. బళ్లారి బిల్లులు మూడున్నాయి. వాటి మీద ఇన్‌పుట్ రాదు. అవి నేను వదులుకోను. కానీ వాటిలో మోసం లేదు, తెలియక వేసుకున్నాడు. జరిమానా అక్కర్లేదు."

షాపు యజమాని ముందుకు వంగి ఆడిటరుగారిని అడిగాడు. గుసగుసగా అడిగాననుకున్నాడు గానీ గదంతా వినిపించింది. "అవి తప్పేనా సామీ?"

"తప్పేనప్పా."

అతను లేచి నిలబడ్డాడు. "తప్పయితే కడతా సార్. తెలీక ఏసుకున్యా. మిగిలిండేది నాది, అది నాకియ్యండి."

అప్పీలు అధికారి ఆ రోజే ఆర్డరు చెప్పి రాయించాడు. ఎనిమిది బిల్లుల పన్ను, జరిమానా మొత్తం కొట్టేశాడు, బళ్లారి బిల్లుల పన్ను మాత్రం ఉంచాడు. గుత్తి వ్యాపారి ఆ అమ్మకాలకు పన్ను పూర్తిగా కట్టాడని, ఆయన మీద ఏ దోషమూ లేదని ఒక పేరా ప్రత్యేకంగా రాయించాడు. ఆ పేరా నేనడిగి రాయించుకున్నదే. ఆ ఆర్డరు కాపీ ఒకటి ఇన్‌స్పెక్టరు గుత్తికి తీసుకుపోయి ఆమె చేతికి ఇచ్చొచ్చాడు. బజార్లో నలుగురికీ ఆమె దాన్ని చదివించి వినిపించిందట.

మెమో వచ్చింది. పదోన్నతి రెండేళ్లు ఆలస్యమైంది. నాకు జరిగిన నష్టం అంతే, అది పెద్దదేమీ కాదు. షాపు యజమానికి జరిగింది ఇంకా ఎక్కువ. అతనికి సరుకిచ్చే మోటార్ల కంపెనీ ఈలోగా ధర్మవరంలో ఇంకొకరికి ఏజెన్సీ ఇచ్చేసింది. అది అతనికి తిరిగి రాలేదు. నేను కంపెనీకి ఉత్తరం రాశాను, జవాబు కూడా రాలేదు. అతను వేరే కంపెనీ మోటార్లు తెచ్చుకుని, కొన్నాళ్లు ఇబ్బందిపడి, నిలబడ్డాడు. తప్పు ఒప్పుకుంటే అన్నీ చక్కబడతాయని మీకెవరైనా చెబితే నమ్మకండి. కొన్ని చక్కబడతాయి. చక్కబడనివి ఎవరో ఒకరు మోస్తూనే ఉంటారు.

ఖాతా విడుదల ఉత్తరం పోస్టులో పంపబుద్ధి కాలేదు. కొత్తచెరువుకు నేనే తీసుకుపోయాను. షాపులో ఒక రైతుకు స్టార్టరు విప్పి చూపిస్తున్నాడు. ఉత్తరం తీసుకుని, చేతులు తుడుచుకుని, మొదటినుంచి చివరిదాకా చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బళ్లారి బిల్లులకు చలానా యాడ కట్టాల మేడమ్?" అని అడిగాడు.

"బ్యాంకులోనే. పదండి, నేను రాసిస్తాను."

ఇద్దరం నడుచుకుంటూ పోయాం. చలానా నా చేత్తో నింపాను. బ్యాంకులో మా ముందు పదిమంది దాకా ఉన్నారు, చాలామంది పింఛన్లకు వచ్చిన ముసలమ్మలు. ఆఫీసరమ్మని ముందుకు పొమ్మన్నారు. నేను పోలేదు. క్యూలో నిలబడి, చాలాసేపటికి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "మీకు చాలా నష్టం చేశాను. ఏమనుకోవద్దు," అన్నాను.

అతను చలానా మీద అంకెలు సరిచూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"అనుకోకుండా ఎట్లుంటాది? అనుకున్యా. ఇంట్లో నిన్ను తిట్టని రోజు లేదు. కానీ మేడమ్, ఒగసారి వచ్చి చూసి రాసుకోని పోయినోళ్లను శానామందిని చూసినా. మళ్లీ బస్సెక్కి రెండోసారి పోయినోళ్లను నిన్నొక్కదాన్నే చూసినా."

తర్వాత కౌంటరు వైపు చూశాడు. మా వంతు ఇంకా రాలేదు. తన జేబులోంచి పెన్ను తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు.